ఎరగని చలికి బట్ట

ముంగర వెంకట్రాజుకు నలభై తొమ్మిదేళ్ళు. అందులో ముప్పై అయిదేళ్ళు మెడలోతు నీళ్ళలోనే గడిచాయి. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో చేపల పట్టుబడి జరిగిందంటే వల పట్టుకుని ముందుగా దిగే మనిషి అతనే. అతను పదకొండుమంది ముఠాకు మేస్త్రి. తెల్లవారకముందే దిగి, వల కింది అంచున ఉండే అడుగుతాడును కాలివేళ్ళతో బురదలోకి తొక్కిపెడుతూ, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడుగులో అడుగు వేసుకుంటూ నడిచి, శీలావతి, బొచ్చె చేపలను ఒక మూలకు తరిమి, ఎండ చురుక్కుమనేసరికి లారీకి ఎక్కించడం వాళ్ళ పని. నీటిపాము పిక్కలకు చుట్టుకున్నా అతని అడుగు తడబడగా సొంతూరు గుడివాకలంకలో ఎవరూ చూడలేదు.

అటువంటి మనిషికి రెండు వేల ఇరవై రెండు డిసెంబరులో భయం పట్టుకుంది. బట్టల దగ్గర మొదలైంది ఆ భయం.

ఏలూరు పవర్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకుని గోపీనాథ్ అనే కాంట్రాక్టరు ఇతర రాష్ట్రాల చెరువులకు కూలీలను పంపుతుండేవాడు. కొల్లేట్లో పని దినాలు ఏటికేడు తగ్గుతున్నాయి కనుక అతని కబురు రాగానే వెంకట్రాజు వెళ్ళాడు.

“హర్యానాలో రెండొందల ఎకరాల చెరువులండీ వెంకట్రాజుగారూ. నెల్లాళ్ళ పని. రానూ పోనూ రైలు, బస, భోజనం అంతా మనదే” అన్నాడు గోపీనాథ్.

“అక్కడ వల లాగేవాళ్ళు లేరేంటండీ?”

“ఉంటారండీ. మీ పనితనం వాళ్ళకెక్కడిది?”

వెంకట్రాజు అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు రాలేదు, పొగడ్త వచ్చింది. పొగిడిన మనిషిని మళ్ళీ అదే ప్రశ్న అడగడం మర్యాద కాదనుకుని అతను ఊరుకున్నాడు.

“చలెక్కువంటారు కదండీ అటువైపు?”

“చలికాలంలో చలి ఉండదేంటండీ. ఓ స్వెట్టర్ కొనుక్కుంటే సరి. ఇక్కడ మాత్రం కొనకండి, దండగ. స్వెట్టర్లు తయారయ్యేదే అటువైపు. ఢిల్లీలో దిగాక బండి మార్కెట్ దగ్గర ఆపిస్తాను. అందరూ కావలసినవి ఏరుకోండి. పూచీ నాది.”

ఇతర రాష్ట్రాలకు కూలీలను తీసుకుపోయేవాళ్ళను అదుపు చేయడానికి 1979లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కూలీలకు చలిబట్ట ఇచ్చే బాధ్యతను అది కాంట్రాక్టరు మీద పెట్టింది. దాని కింద కేంద్రం రాసిన నియమాలలో అంకెలు కూడా వేశారు: ఇరవై డిగ్రీల కిందికి దిగే చోట మనిషికి ఒక ఉన్ని కోటు, ఒక ఉన్ని ప్యాంటు, అయిదు డిగ్రీల కిందికి దిగే చోట వాటికి తోడు ఒక ఓవర్‌కోటు. చట్టం వచ్చిననాటికి వెంకట్రాజుకు ఆరేళ్ళు. ఆ తరువాత నలభై మూడేళ్ళలో ఆ మాట అతని చెవిన వేసిన ఉద్యోగి ఒక్కడూ లేడు. కనుక, అసలు కొనవలసినవాడు తానో కాదో అన్న ప్రశ్నే అతనికి పుట్టలేదు. ఎక్కడ కొనాలన్న ప్రశ్న మాత్రమే అతనికి మిగిల్చారు. దానితోనే అతను మూడు వారాలు నిద్ర పాడుచేసుకున్నాడు.

ఇంటికి వచ్చి భార్య రాజ్యంతో చెప్పాడు. రాజ్యం కైకలూరు రోడ్డులో చేపల ప్యాకింగు షెడ్డులో ఐసు కొట్టి ట్రేలు నింపే పని చేసేది. మాట కూడా ఐసు కొట్టినట్టే ఉండేది.

“పోయిన ఊళ్ళో కొనుక్కుంటానంటావేంటి మావా. వాన మొదలయ్యాక గొడుగుల కొట్టు వెతుక్కుంటారా ఎవరైనా?”

“చలి అక్కడుంది. దానికి తగ్గ బట్టా అక్కడే ఉంటది. ఎంత మందం కావాలో ఇక్కడోడికేం తెలుసు?”

“తెలిసేలోపు నువ్వు బిగుసుకుపోతే?”

ఇద్దరి మాటా నిజమే. అందుకే ఆ ప్రశ్న తెగలేదు. వాళ్ళకు తెలిసిన చలి ఒక్కటే: సంక్రాంతి ముందు నాలుగు వారాలు, తువ్వాలు చెవులకు చుట్టుకుంటే తీరిపోయే చలి. ఆ నాలుగు వారాల్లోనూ కొల్లేటివాళ్ళకు ఒక ఉపాయం తెలుసు. మార్గశిరంలో తెల్లవారుజామున గాలి చల్లబడుతుంది కాని, పగలంతా ఎండ తాగిన చెరువు చల్లబడదు. నీళ్ళ మీద పొగలు లేస్తుంటాయి. గట్టు మీద పళ్ళు కొరుక్కునే మనిషి నడుములోతు దిగాడంటే హమ్మయ్య అనుకుంటాడు. ‘చలేస్తే నీళ్ళలో దిగు’ అన్నది అక్కడ పిల్లలకు కూడా తెలిసిన మాట. వెంకట్రాజు తండ్రి అతనికి నేర్పిన మొదటి పాఠం అదే. ఆ పాఠం అబద్ధమయ్యే చోటు భూమ్మీద ఉంటుందని ఆ ఇంట్లో ఎవరూ ఊహించలేదు.

ముఠా అంతా కలిసి ఒక ఒప్పందానికి వచ్చింది. ముందు మచ్చుకు ఒక్క కోటు కొనాలి. మేస్త్రి తొడుక్కుని చూసి బాగుందంటే మిగతా పదిమందీ అలాంటివే కొనుక్కోవాలి. బాగాలేదంటే ఢిల్లీయే గతి.

ఆదివారం వెంకట్రాజు, రాజ్యం ఏలూరులో ప్యాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్ళారు. వెంట హెన్రీ వచ్చాడు. హెన్రీ ముఠాలో అందరికన్నా పెద్దవాడు, యాభై ఆరేళ్ళవాడు, సన్నగా వెదురుబద్దలా ఉండేవాడు. వల లాగేటప్పుడు అతని నోరు ఊరుకోదు. అతను జోకులు వేస్తుంటే అలుపు తెలియదని ముఠా అంతా అతణ్ణి వల నడిమధ్య నిలబెట్టుకునేది.

సంతలో పాతబట్టలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఏ దేశపువాళ్ళు విడిచినవో తెలియని లావు కోట్లు మధ్యాహ్నపు ఎండలో మగ్గుతున్నాయి. హెన్రీ బొచ్చు కాలరున్న కోటొకటి తొడిగాడు. క్షణంలో కణతల మీద చెమట కారింది.

“ఎలుగుబంటిలా ఉన్నానా చెల్లెమ్మా?”

“ఎలుగుబంటి చూస్తే ఏడుస్తది అన్నయ్యా” అంది రాజ్యం.

కుప్ప వెనుక కూర్చున్న రసూల్‌కు నవ్వొచ్చింది. అతనిది ఏలూరు. తండ్రి తివాచీలు నేసేవాడు. మగ్గం మూలపడ్డాక రసూల్ ఈ వ్యాపారంలోకి వచ్చాడు కాని, ఉన్ని సంగతి చేతివేళ్ళలో మిగిలిపోయింది. కోటు అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించాడు. పోగు కరిగి నల్లటి పూసలా ముడుచుకుంది.

“ఇది ప్లాస్టిక్ పోగండీ. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసనొస్తది. గాలి ఆపుద్ది గాని తడిస్తే గుడ్డపేలికే.” ఇంకొకటి తీసి కాల్చాడు. ఈసారి వాసన వచ్చింది. “ఇది తీసుకోండి. ఇంతకీ ఎంత చలికండీ?”

“బాగా చలికండీ” అన్నాడు హెన్రీ.

“బాగా అంటే ఎంతండీ? నేనూ చూళ్ళేదు. కొనేవాడికీ తెలీదు, అమ్మేవాడికీ తెలీదు. ఇలాంటి సరుకు ఇదొక్కటేనండీ ఈ సంతలో.” అతను కోటు మడత పెడుతూ ఆగాడు. “చేపల పట్టుబడి అన్నారు కదండీ. మరి నీళ్ళలోకి ఏం తొడుక్కుంటారు?”

“నీళ్ళలోకి దిగాక చలేంటండీ?” అన్నాడు వెంకట్రాజు. “చలంతా గట్టుమీదే.”

చెరువులో ఏనాడూ నిలబడని రసూల్ ఆ మాట నమ్మాడు. చెప్పింది ముప్పై అయిదేళ్ళు నీళ్ళలో బతికిన మనిషి. నమ్మక ఏంచేస్తాడు?

కోటు కొన్నారు. కాని ఎండలో తొడిగి చూస్తే అది పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? రైలు భీమడోలు దాటుతుండగా ఆ ఉపాయం రాజ్యానికే తట్టింది.

“మా షెడ్డు పక్క ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు పెట్టే గది ఉందిగదా. అందులో నిలబడు.”

“ఆడదాని బుర్ర బావా, పాదరసం” అన్నాడు హెన్రీ.

“నీ బుర్రలో ఏముంది అన్నయ్యా?”

“ఐసు.”

సోమవారం మధ్యాహ్నం షెడ్డు పనివాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడు వెంకట్రాజు కోటు తొడుక్కుని ఐసు గదిలోకి వెళ్ళాడు. రాజ్యం బయట నిలబడి మందపాటి తలుపు దగ్గరగా వేసింది. లోపల నిలువెత్తు దిమ్మలు వరసగా, తెల్లగా, పొగలు కక్కుతూ ఉన్నాయి. దీపం చిన్నది. ఊపిరి ముక్కు ముందు తెల్లబడి కనిపించడం అతను మొదటిసారి చూశాడు. అది తన ప్రాణమే బయటికి వచ్చి నిలబడినట్టు అనిపించింది. ముక్కు మండింది. చెవులు మొద్దుబారాయి. ఛాతీ మాత్రం వెచ్చగానే ఉంది. రసూల్ మోసం చేయలేదు.

“మావా, ఉన్నావా?” తలుపు అవతల నుంచి రాజ్యం అడిగింది.

“ఉన్నా.”

అప్పుడే అతను తన కాళ్ళ సంగతి గమనించాడు. అలవాటు కొద్దీ చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చాడు. దిమ్మల నుంచి కరిగిన నీళ్ళు నేల మీద వేలెడు లోతున నిలిచాయి. అతని పాదాలు ఆ నీళ్ళలో ఉన్నాయి. మొదట సూదులు గుచ్చినట్టుండి, తరువాత నొప్పి, తరువాత నొప్పి కూడా లేదు. కాలివేళ్ళు కదిలించబోయాడు. అవి కదిలాయో లేదో తెలియలేదు. చలి కోటును వదిలేసి కింది నుంచి పైకి, పిక్కల దాకా, మోకాళ్ళ దాకా పాకుతోంది. వల అడుగుతాడు తొక్కేది ఆ వేళ్ళతోనే. అవి లేకపోతే అతను మేస్త్రి కాదు. ఎవరో తన ఒంటిని తనకు తెలియకుండా కింది నుంచి కోసుకుపోతున్నట్టు భయం వేసింది. తలుపు తోసుకుని బయటపడ్డాడు.

“ఎలా ఉంది?”

“బానే ఉంది. వెచ్చగా ఉంది.”

పాదాల సంగతి అతను చెప్పలేదు. పదకొండు కుటుంబాలు అతని మాట కోసం చూస్తున్నాయి. నీళ్ళకు భయపడ్డానని ముప్పై అయిదేళ్ళ తరువాత ఎలా చెప్పడం? ఐసు నీళ్ళు వేరు, చెరువు నీళ్ళు వేరు అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ రోజు నుంచి, ఎక్కడ కూర్చున్నా అతని చేయి కాలివేళ్ళను తడుముకుంటూనే ఉంది.

తాడేపల్లిగూడెం సంత ఆదివారాలే కనుక, వచ్చే ఆదివారం అందరూ కలిసి వెళ్ళి పది ఉన్ని కోట్లు కొనాలని నిర్ణయమైంది. మంగళవారం గోపీనాథ్ ఫోను చేశాడు. శుక్రవారానికే టికెట్లు తీశానన్నాడు.

“ఆదివారం దాకా ఆగకూడదేంటండీ? కోట్లు కొనుక్కుని వస్తాం” అన్నాడు వెంకట్రాజు.

“అక్కడ లారీలు మాట్లాడేశారండీ. కోట్లదేముంది, ఢిల్లీలో బండి ఆపిస్తానని చెప్పాను కదండీ. నా మాట మీద నమ్మకం లేదా?”

నమ్మకం లేదా అని అడిగితే లేదని చెప్పగల భాష గోదావరి జిల్లా మర్యాదలో లేదు. వెంకట్రాజు “అబ్బే, అలాగని కాదండీ” అన్నాడు. కాంట్రాక్టర్లు ఈ మర్యాద మీద మేడలు కట్టుకున్నారు.

గురువారం అతను ఏలూరులో కొట్టు కొట్టూ తిరిగాడు. చిన్నపిల్లల టోపీలు, మోటారుసైకిలు మీద పొద్దున్నే వెళ్ళేవాళ్ళు వేసుకునే పల్చటి స్వెట్టర్లు ఉన్నాయి. పోగు లాగి కాల్చి చూడబోతే కొట్టువాడు కసిరాడు. ఆ పల్చటివైనా పది కొని తీసుకుపోవాలా? అవి పనికిరాకపోతే, కొనిపించిన పాపం తనది. కొనకుండా వెళ్ళి, అక్కడా దొరకకపోతే? అదీ తనదే. ఎటు చూసినా ఆ పాపం మేస్త్రి మెడకే చుట్టుకునేటట్టు ఎవరో ముందే ముడి వేసి పెట్టారు. సాయంత్రం ముఠాను కూర్చోబెట్టి, “అక్కడే కొందాం” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని కాలివేళ్ళు ముడుచుకున్నాయి.

మచ్చు కోటును రాజ్యం సంచి అడుగున పెట్టింది. అతను తీసేశాడు. ఆమె మళ్ళీ పెట్టింది.

“పదిమంది వణుకుతుంటే నేనొక్కణ్ణీ తొడుక్కుంటానా?”

“తొడుక్కోకు. ఉంచుకో” అంది ఆమె.

రైల్లో నాగపూరు దాకా హెన్రీ బోగీ అంతటినీ నవ్వించాడు. శనివారం మధ్యాహ్నం దాటాక కిటికీ సందుల్లోంచి వచ్చే గాలి మారింది. దానికి పదును వచ్చింది. పదకొండుమందీ లుంగీలు, దుప్పట్లు కప్పుకుని ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. వెంకట్రాజు సంచిలోంచి కోటు తీసి హెన్రీకిచ్చాడు. ఒక్కొక్కరికి అరగంట చొప్పున అది చేతులు మారింది. ఎవరి అరగంట ముగిసినా ఎవరూ అడగలేదు. తొడుక్కున్నవాడే తీసి పక్కవాడికిచ్చాడు.

ఢిల్లీలో దిగేసరికి చీకటి పడుతోంది. అజయ్ అనే సూపర్‌వైజరు వ్యాను తీసుకువచ్చాడు. అతనిది భీమడోలు; రెండేళ్ళుగా ఆ చెరువుల దగ్గరే ఉంటున్నాడు. లావు జాకెట్టు, చేతులకు తొడుగులు, కళ్ళు తప్ప ఏమీ కనిపించని టోపీ. ఆ వేషాన్ని వెంకట్రాజు ఎగాదిగా చూశాడు.

“మార్కెట్ దగ్గర ఆపుతామన్నారండీ గోపీనాథ్‌గారు” అన్నాడు.

“నాకేం చెప్పలేదండీ మేస్త్రిగారూ. ఇప్పుడు ఆగితే పొగమంచులో దారి కనపడదు. రేపు చూద్దాం.”

రేపు అంటే ఏమిటో మర్నాడు తెలిసింది. చెరువులకు దగ్గరగా కొట్లున్న ఊరు పద్ధెనిమిది కిలోమీటర్ల దూరం. పట్టుబడి మాత్రం తెల్లవారగానే. ఐసు నింపుకున్న లారీ అప్పటికే గట్టు మీద నిలిచి ఉంది.

పొగమంచులో అవతలి గట్టు లేదు. ఆకాశం లేదు. చెరువు కూడా సగమే ఉంది. ఇసక కన్నా సన్నటి తెల్లటి పొర గడ్డి మీద పేరుకుని, అడుగు వేస్తే కరకరలాడింది. పదకొండుమందీ నిక్కర్లతో, చొక్కాలతో, చేతులు చంకల్లో పెట్టుకుని గంతులు వేస్తున్నారు.

“తొందరగా దింపు బావా, ఈ గాలికి చెవులు ఊడిపోతున్నాయి” అన్నాడు హెన్రీ. “నీళ్ళలో పడితే బతుకుతాం.”

వాళ్ళ పద్ధతి ప్రకారం మేస్త్రి ముందు దిగాలి. వెంకట్రాజు వంగి, నీళ్ళు దోసిట్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. రెప్పలు మండాయి. ఐసు గది నేల గుర్తొచ్చింది. వెనక పదిమంది. పక్కన లారీ. అతను దిగాడు.

నడుము దాకా వెళ్ళగానే అతని ఊపిరి ఆగిపోయింది. ఎవరో రెండు చేతులతో పక్కటెముకలు నొక్కి పట్టినట్టు, గాలి లోపలికి పోదు, బయటికి రాదు. ‘దిగకండి’ అనబోయాడు, మాటకు ఊపిరి చాలలేదు. అది బయటికి వచ్చేలోపే పదిమందీ, చలి నుంచి తప్పించుకోవడానికి, నీళ్ళలోకి పరుగెత్తుకుంటూ దిగారు.

తరువాత ఊపిరి వచ్చింది. మాట కూడా వచ్చేదే. కాని అప్పటికే వల పరుచుకుంది, గట్టు మీద అజయ్ “లాగండి, లాగండి” అంటున్నాడు, ఒక్క చుట్టు తిప్పేస్తే అయిపోతుంది కదా అనిపించింది. ఆ ఒక్క చుట్టు కోసం వెంకట్రాజు నోరు మూసుకున్నాడు. చలికి చేపలు అడుగున బురదలోకి చేరాయి; అడుగుతాడు మామూలుకన్నా లోతుగా తొక్కాలి. తొక్కడానికి వేళ్ళు లేవు. ఎవరి కాళ్ళు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఎవరూ మాట్లాడటం లేదు. చాలాసేపటికి గాని వెంకట్రాజుకు అర్థం కాలేదు, తనను భయపెడుతున్నది ఆ నిశ్శబ్దమేనని. హెన్రీ నోరు ఆగిపోయింది.

“హెన్రీ బావా.”

హెన్రీ తల తిప్పి నవ్వాడు. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

“ఉక్కగా ఉంది బావా” అన్నాడు, మాట ముద్దగా. చొక్కా గుండీలు విప్పుకోబోయాడు.

ముఠాలో ఇద్దరు నవ్వారు. హెన్రీ జోకు వేశాడనుకున్నారు. వెంకట్రాజు నవ్వలేదు. హెన్రీ చేతులు రెండూ గుండీల మీద ఉన్నాయి. అంటే వల మీద లేవు. ముప్పై ఏళ్ళలో హెన్రీ వల వదలడం అతను చూడలేదు.

“ఎక్కండి” అని అరిచాడు. “వల వదిలేయండి. ఎక్కండి.”

హెన్రీని నలుగురు మోసి గట్టెక్కించారు. అతను వణకడం కూడా లేదు. అది ఇంకా భయంకరంగా ఉంది. వెంకట్రాజు లారీ డ్రైవరుకు భాష తెలియకపోయినా చేతులు జోడించి, ఇంజను వేయించి, తడిబట్టలు విప్పేసిన హెన్రీని క్యాబిన్‌లో పడుకోబెట్టి, ఉన్నికోటు కప్పి, తుడుచుకుని వచ్చిన ఇద్దర్ని చెరోవైపు అతనికి ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోమన్నాడు. తాను పాదాల దగ్గర కూర్చుని అతని కాలివేళ్ళను చంకలో పెట్టుకున్నాడు. గంట తరువాత హెన్రీ వణకడం మొదలుపెట్టాడు. ఆ వణుకు చూసి వెంకట్రాజు ఏడ్చాడు.

పొద్దెక్కినా సూర్యుడు రాలేదు. అజయ్ క్యాబిన్ దగ్గరికి వచ్చాడు.

“మేస్త్రిగారూ, మిగతా పదిమందినీ దింపండి. లారీలో ఐసు కరిగిపోతోంది.”

“ఈ చలికి కరగదు లెండి” అన్నాడు వెంకట్రాజు. “ఒక మాట చెప్పండి. ఈ ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళు లేరా?”

అజయ్ చెరువు వైపు చూశాడు. “ఉన్నారండీ.”

“మరి?”

“ఈ రెండు నెలలు వాళ్ళు దిగరండీ. ఎంతిస్తామన్నా దిగరు. ఓనరుకేమో ఇప్పుడే ధర పలుకుద్ది. అందుకే కదండీ మిమ్మల్ని పిలిచింది.”

అదీ ఆ ప్రశ్నకు జవాబు. పవర్‌పేట గదిలో దాచిన జవాబు, పద్ధెనిమిది వందల కిలోమీటర్లు వచ్చాక, ఒక మనిషి ప్రాణం అంచు దాకా వెళ్ళివచ్చాక బయటపడింది. ఇక్కడివాళ్ళకు తెలిసిన చలి ఇది. ఎరగని మనుషులను వెతికి, ఎంచి తెచ్చుకున్నారు.

అజయ్ గోపీనాథ్‌కు ఫోను కలిపి చేతికిచ్చాడు.

“ఏంటండీ ఇది వెంకట్రాజుగారూ” అన్నాడు గోపీనాథ్. “కోట్లు కొనుక్కోమని ముందే చెప్పాను కదండీ. మీరు కొనుక్కోకపోతే నన్నేం చేయమంటారు?”

“ఎక్కడ కొనుక్కోమన్నారండీ?”

గోపీనాథ్ ఏదో అనబోతుంటే వెంకట్రాజు ఆగలేదు.

“ఏలూర్లో కొనద్దన్నారు. ఢిల్లీలో బండి ఆపలేదు. దారిలో రైలు కిటికీలోంచి కొనుక్కోవాలేంటండీ?”

“మాటలు జాగ్రత్త. పని చేయకపోతే తిరుగు టికెట్లు ఎవరిస్తారో చూసుకోండి.”

టికెట్లు లేవు. భాష లేదు. ఊరు పేరు కూడా సరిగ్గా తెలియదు. ఈ పొగమంచులో ఏ దిక్కుకు నడిస్తే రోడ్డు వస్తుందో తెలియదు. పాము చుట్టుకున్నప్పుడు కూడా ఇంత భయం తెలియని మనిషి, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, మెల్లగా, అండీ తీసేయకుండా చెప్పాడు:

“కోట్లు మీరే కొనాలండీ. ఉన్నివి. పోగు కాల్చి చూసుకుంటాం. నీళ్ళలోకి ఛాతీ దాకా వచ్చే రబ్బరు సూట్లు కావాలి. ఎండ వచ్చాకే దిగుతాం. అవి వచ్చేదాకా వల తడవదండీ.”

చట్టంలో ఏముందో అతనికి తెలియదు. అందులో ఉన్నదాన్నే, ఇంకొంచెం ఎక్కువనే, అడిగాడు. ఫోను కట్టయింది. అజయ్ ఫోను తీసుకుని దూరంగా వెళ్ళి ఎవరికో హిందీలో ఫోను చేశాడు.

మిగతావాళ్ళు గట్టుమీద గడ్డి వెలిగించుకుని చుట్టూ చేరారు. నీళ్ళలో సగం మునిగి ఉన్న వలను బయటికి లాగి, కుప్పగా పోసి, వెంకట్రాజు దాని మీద కూర్చున్నాడు. క్యాబిన్‌లోంచి హెన్రీ గొంతు పీలగా వినిపించింది. టీ కావాలంటున్నాడు.

మధ్యాహ్నం దాటాక పొగమంచులో ఎక్కడో ఒక బండి చప్పుడైంది. రోడ్డు దిగి చెరువుల వైపు మళ్ళింది. ముందు దీపాలు రెండు పసుపుపచ్చని మచ్చల్లా కనిపించాయి. అది కోట్లు తెస్తోందో, కర్రలు పట్టుకున్న మనుషులను తెస్తోందో చెప్పగలవాళ్ళు అక్కడ లేరు. మంట చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

“పోదామా మేస్త్రీ?” అని ఎవరో అడిగారు.

“మీరు నా వెనక్కి రండి” అన్నాడు వెంకట్రాజు. అడుగుతాడును కాలివేళ్ళతో నేలకు తొక్కిపట్టాడు. వల మీద నుంచి లేవలేదు.